ఇకపై టిబ్లాక్‌ను విడిగా అమ్మం

మా షాపులో కొనే అందరికీ నమస్కారం. టిబ్లాక్, మైక్రో ట్రాక్షన్, రోప్‌మ్యాన్ లాంటి చిన్న రోప్ క్లాంపులు (తాడును జారకుండా పట్టుకునే పరికరాలు) అమ్మే పద్ధతిని ఈ నెల నుంచి మారుస్తున్నాం. టిబ్లాక్ ఒక్కటే కావాలంటే ఇవ్వం. దానికి సరిపడే లాకింగ్ కారబినర్ (తెరుచుకోకుండా బిగించే లోహపు కొక్కెం), తాడును పట్టుకునే ప్రూసిక్ ముడి కట్టుకోవడానికి 6 మిల్లీమీటర్ల నైలాన్ తాడు కలిపి సెట్‌గానే ఇస్తాం. మొదటిసారి కొనేవాళ్లు షాపులో వేలాడదీసిన తాడు మీద వాడి చూపించాకే బిల్లు వేస్తాం. కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లయితే వీడియో కాల్‌లో చూపించాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది, ఆలస్యమూ అవుతుంది. కొందరు వేరే చోట కొనుక్కుంటారనీ తెలుసు. అయినా ఇలాగే చేస్తాం.

ఇదివరకు వీటిని అడిగేది భువనగిరి కోట బండ మీద, ఖాజాగూడ గుట్టల్లో ఎక్కేవాళ్లు, లేకపోతే హిమాలయాల్లో గ్లేసియర్ల మీదికి వెళ్లేవాళ్లు. దాదాపు అందరికీ ఎవరో ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గరుండి నేర్పి ఉండేవారు. ఇప్పుడు బావుల్లో పడ్డ కుక్కల్ని తీసే వాలంటీర్లు, బిల్డింగులకు అద్దాలు తుడిపించే కాంట్రాక్టర్లు, చెట్లు ఎక్కేవాళ్లు కూడా వస్తున్నారు. రావడం మాకు సంతోషమే. కానీ ఏదో వీడియో చూసి "అన్నా, ఆ చిన్నది ఒక్కటుంటే చాలంట గదా" అంటున్నారు. చాలదు. ఎందుకు చాలదో కొంచెం వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

టిబ్లాక్ బరువు 35 గ్రాములు. చేత్తో పట్టుకుని తాడు మీద పైకెక్కే జుమార్ (పెట్జల్ కంపెనీ అసెన్షన్) 165 గ్రాములు. ఆ తేడా చూసి ఇది చిన్న జుమార్ అనుకుంటున్నారు. జుమార్‌లో స్ప్రింగ్ ఉన్న క్యామ్, అంటే కదిలే పళ్ల ముక్క, తాడును దానంతటదే పట్టుకుంటుంది. టిబ్లాక్‌లో క్యామ్ లేదు. అది పళ్లున్న స్టీల్ రేకు, అంతే. తాడును ఆ పళ్లకేసి నొక్కేది మీరు తగిలించే కారబినర్. అందుకే కారబినర్ ఒళ్లు గుండ్రంగా ఉండాలి. బరువు తగ్గించడానికి పక్కలు చెక్కేసిన కారబినర్ వేస్తే తాడు సరిగా నొక్కుకోదు. సెట్‌లో కారబినర్ పెట్టింది అమ్మకం పెంచుకోవడానికి కాదు.

పాత మోడల్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. అందులో స్ప్రింగ్ ఉండదు. బరువు వేసే ముందు కారబినర్‌ను బొటనవేలితో తాడుకేసి నొక్కి, పళ్లు దిగాయని చూసుకోవాలి. చూసుకోకుండా ఒక్కసారిగా బరువేస్తే అది తాడు మీద జారుతూ కిందికి వస్తుంది, వచ్చినంత మేరా షీత్‌ను, అంటే తాడు పై తొడుగును, చెక్కేస్తుంది. కొత్త మోడల్‌లో స్ప్రింగ్ కారబినర్‌ను తాడుకు ఆనించి ఉంచుతుంది. అయినా ముందు కాస్త లాగి చూసి, తర్వాతే బరువు వేయండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఇవి పడిపోతున్న మనిషిని ఆపడానికి చేసినవి కావు. 80 కిలోల మనిషి కదలకుండా వేలాడితే తాడు మీద పడేది 1 కిలోన్యూటన్ కూడా కాదు. పళ్లున్న క్లాంపులు సాధారణంగా 4 నుంచి 6 కిలోన్యూటన్ల మధ్య షీత్‌ను చింపేస్తాయి. తాడు పాతదైతే, సన్నదైతే ఇంకా ముందే. నాలుగు కిలోన్యూటన్లంటే సుమారు 400 కిలోల బరువు, అంత ఎక్కడ పడుతుంది అనిపిస్తుంది. క్లాంపు ఉన్న ఎత్తుకు ఎక్కేసి, లాన్యార్డ్ (మిమ్మల్ని క్లాంపుకు కలిపే చిన్న తాడు) వదులుగా ఉండగా కాలు జారితే చాలు, తేలిగ్గా దాటిపోతుంది. అప్పుడు షీత్ తెగి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుపోయినట్టు కుచ్చులుగా కిందికి పోగవుతుంది, లోపలి తెల్లటి కోర్ బయటపడుతుంది. అలాంటి ముక్క ఒకటి కౌంటర్ పక్కన వేలాడదీసి ఉంచాం. వచ్చినప్పుడు చేత్తో పట్టుకుని చూడండి.

అద్దాలు తుడిపించే కాంట్రాక్టర్లకు నా జవాబు కూడా ఇదే. మీ మనుషులకు బ్యాకప్ కావాలంటే రెండో తాడు మీద, ఆ పనికే సర్టిఫై అయిన ఫాల్ అరెస్టర్ (పడిపోతున్న మనిషిని ఆపే పరికరం) తీసుకోండి. దాని ధర ఎక్కువని తెలుసు, వాయిదాల్లో ఇస్తాను. టిబ్లాక్‌ను బ్యాకప్‌గా వాడతామంటే మాత్రం ఇవ్వను. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకుతో తాడిచెట్టు ఎక్కే అన్నలకు ఎప్పుడో రావలసిన మేలు అది. ఆ కిట్‌లో ఏదైనా పాడైతే దాని బదులు చిన్న క్లాంపు వేసుకోవచ్చా అని అడుగుతున్నారు. వద్దు. పాడైనదాని స్థానంలో అదే రకంది తెచ్చుకోండి.

బావి వాలంటీర్లకు మాత్రం ఇవి నిజంగా పనికొస్తాయి. 60 కిలోల బరువును 3:1 పద్ధతిలో, అంటే తాడును రెండు చోట్ల తిప్పి మూడో వంతు బలంతో, లాగుతున్నారనుకుందాం. లెక్క ప్రకారం 20 కిలోల బలం చాలు. తాడు తిరిగే రెండు చోట్లా, అంటే పైన యాంకర్ (కదలని ఆధారం) దగ్గరా, కింద బరువు వేలాడే తాడుకు బిగించిన టిబ్లాక్ దగ్గరా, ఉత్త కారబినర్లే ఉంటే, ఒక్కో మలుపులో దాదాపు సగం బలం రాపిడికే పోయి 34 కిలోలు లాగాల్సి వస్తుంది. పైన యాంకర్ దగ్గర, గిలకా (పుల్లీ) క్లాంపూ కలిసి ఉండే మైక్రో ట్రాక్షన్ పెడితే సుమారు 31కి దిగుతుంది. అది 85 గ్రాములే, గిలక సామర్థ్యం 91 శాతం, పైగా లాగిన తాడును వెనక్కి జారనివ్వదు. కింద టిబ్లాక్ దగ్గర కారబినర్‌తో సరిపెట్టకుండా ఇంకో మంచి పుల్లీ కూడా వేస్తే 22కు వస్తుంది. మీ దగ్గర మంచి పుల్లీ ఒక్కటే ఉంటే లాగే చేతికి దగ్గర మలుపులో, అంటే టిబ్లాక్ దగ్గర వేయండి. అక్కడ మిగిలే బలమే ఎక్కువ. బావి ఒరకు తాడు రాసుకుంటే ఈ లెక్కలన్నీ పోతాయి, ఒర మీద మందపాటి గోనెసంచి అయినా వేయండి.

ఇవి షీత్, కోర్ ఉన్న తాళ్ల మీదే పనిచేస్తాయి. టిబ్లాక్, మైక్రో ట్రాక్షన్ రెండింటికీ తాడు మందం 8 నుంచి 11 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మూడు పేటల నైలాన్ తాడు మీద, కొబ్బరి పీచు తాడు మీద వాడకండి. బావిలో పడింది మనిషైతే 101కి ఫోన్ చేయండి. వాడకం లేని పాత బావిలోకి అసలు దిగకండి, అడుగున గాలి ఆడకపోతే ఏ తాడూ కాపాడదు.

భువనగిరిలో పైనుంచి తాడు వేసుకుని ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఒక మాట. మైక్రో ట్రాక్షన్‌లో క్యామ్‌ను తెరిచి ఉంచే ఏర్పాటు ఉంటుంది. బండకు రాసుకుని క్యామ్ అలా తెరుచుకుని ఉండిపోయిందంటే, మీ దగ్గరున్నది తాడును పట్టుకోని మామూలు పుల్లీయే. రెండు పరికరాలు వాడండి, తాడు ఎక్కడా వదులు కానివ్వకండి.

ఇక సెట్‌లో ప్రూసిక్ తాడు ఎందుకంటే, ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ 1931లో చూపించిన ఆ ముడికి పళ్లు లేవు. బరువు మితిమీరితే ముందు జారుతుంది, వేడెక్కుతుంది, తాడు షీత్‌ను మాత్రం చింపదు. మీటరున్నర తాడు బరువు కూడా టిబ్లాక్ అంతే. తడిసిన తాడు మీద, బురద పట్టిన తాడు మీద ముడి బిగుసుకుపోయి విసిగిస్తుంది, నిజమే. అయినా ఒక్కటే కొనగలిగే డబ్బుంటే ఈ తాడే కొనమంటాను, దాని మీద మాకు మిగిలేది చాలా తక్కువైనా సరే.

ఇప్పటికే టిబ్లాక్ ఉన్నవాళ్లు, మా దగ్గర కొన్నా కొనకపోయినా, ఆదివారం పొద్దున మీ కారబినర్‌తో, వాడే తాడుతో రండి. పళ్లు అరిగాయా, రేకు ఒంగిందా, కారబినర్ సరిపోతుందా అన్నది డబ్బు తీసుకోకుండా చూసి చెప్తాం. పళ్ల మధ్య ఇసుక, మట్టి ఉంటే ముందు పాత టూత్‌బ్రష్‌తో, నీళ్లతో కడిగి తీసుకురండి. సరైన కారబినర్, ప్రూసిక్ తాడు ఇదివరకే ఉన్నవాళ్లు వాటిని చూపిస్తే సెట్‌లోంచి ఆ డబ్బు తగ్గించి బిల్లు వేస్తాం.