మంత్రిగారూ, మా పిల్లల 38 నోటు పుస్తకాలు ఎక్కడున్నాయి?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి రెండూ పద్ధతి ప్రకారం పై అధికారుల ద్వారా పంపాను. మూడోది నేరుగా మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. అందినట్టు సంతకంతో కార్డు వెనక్కి వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

నిరుడు నవంబరు చివర్లో మీ శాఖ పంపిన సర్క్యులర్ మీకు తెలిసిందే, దాన్ని మళ్ళీ ఎత్తి రాయను. చలికాలం కవితలకు వారానికో పీరియడ్ అన్నారు. చదివించండి, రాయించండి, సంకలనం వేస్తాం, అందులో రాసిన ప్రతి పిల్లకూ ఒక ప్రతి ఇస్తాం అన్నారు. పదిహేడేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. పద్యానికి ప్రతిపదార్థం రాయించడానికి, భావం బట్టీ పట్టించడానికి తప్ప, కవిత్వం కోసమే ఒక పీరియడ్ ఇస్తామని పైనుంచి మాట రావడం అదే మొదటిసారి. ఆ కాగితాన్ని స్టాఫ్ రూములో రెండుసార్లు పైకి చదివి వినిపించాను. ఆ మాటను నేను నమ్మాను, నన్ను చూసి పిల్లలు నమ్మారు. నా బాధంతా అక్కడే ఉంది.

ఆ ఆరు వారాల్లో మా ఆరో తరగతిలో ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. ఏం పోయిందో తెలియకపోతే, పోయినవి ఉత్త నోటు పుస్తకాలే కదా అనిపిస్తుంది.

మొదటి వారం నేను ఎవరినీ రాయమనలేదు. మాటలు తెమ్మన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు చలి గురించి ఏమేం మాటలు వాడతారో అడిగి రమ్మన్నాను. మర్నాడు నల్లబల్ల నిండిపోయింది. నెగడు, కుంపటి, బొంత, గొంగడి, గజగజ, కొంకర్లు పోవడం. ఒకమ్మాయి 'ఇగం' తెచ్చింది, వాళ్ళ నాయనమ్మ చలిని అలాగే అంటుందట. ఇంకొకడు 'మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయి' అని తెచ్చి, మాకులంటే చెట్లని తనే అందరికీ చెప్పాడు. పుష్యమాసంలో పూసలు గుచ్చడానికి కూడా పొద్దు చాలదన్న మాట దొరికినప్పుడు, డిసెంబరులో పగలు ఎందుకు చిన్నదవుతుందో సైన్సు మాస్టారిని అడిగి వచ్చారు. జపాన్‌లో హైకూ రాసేవాళ్ళకు ఇలాంటి రుతువుల మాటలు ఏర్చి కూర్చిన నిఘంటువులే ఉన్నాయని, పాత పద్ధతిలో రుతువును తెలిపే మాట లేకుండా హైకూ పూర్తికాదని చెప్పాను. 'అయితే మనమూ నిఘంటువు రాసుకుందాం టీచర్' అన్నారు. ప్రతి నోటు పుస్తకం మొదటి నాలుగు పేజీలూ అదే. 38 మంది, 38 ఇళ్ళ మాటలు. కొన్ని మాటలు నాకే కొత్త.

మీ సర్క్యులర్‌తో పాటు వచ్చిన నమూనా కవిత మంచుబొమ్మ మీద ఉంది. మంచు గడ్డకట్టి కురవడం మా క్లాసులో ఒక్కరూ చూడలేదు. చూడని దాని గురించి రాయకూడదని కాదు. కానీ ముందు చూసినదాన్ని రాయనివ్వాలి. తెల్లవారి కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, కొండల మీద కురిసేదీ మంచే. మూడింటికీ ఒకటే మాటేమిటని వాళ్ళే అడిగారు. పొగమంచు, మంచుబిందువు, హిమం, తుషారం, నీహారం, తుహినం అని బల్ల మీద రాశాను. ఏది దేనికి సరిపోతుందో ఒక పీరియడంతా వాదించుకున్నారు. నేను నోరు మెదపలేదు. ఆ పీరియడ్ అయ్యాక హెడ్మాస్టారు వచ్చి గోలేమిటని అడిగితే, వ్యాకరణం చెబుతున్నానని అబద్ధమాడాను. ఆ అబద్ధం ఎందుకు ఆడాల్సి వచ్చిందా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

రెండో వారం ఒక్కటే నియమం పెట్టాను. 'చలి' అనే మాట వాడకుండా చలి చెప్పాలి. అయిదు నిమిషాలు బయటికి వెళ్ళి ఒక్క వస్తువును చూసి రావాలి. అందమైన మాటలు వద్దు, చూసింది చూసినట్టు రాయాలి. మొదట్లో అందరూ తెల్లముఖాలు వేశారు. తర్వాత ఒకమ్మాయి ఇలా రాసింది:

*తాతయ్య స్వెట్టరు
చేతులు కట్టుకుని
పెట్టెలో పడుకుంది.*

వాళ్ళ తాతయ్య ఆ వానాకాలంలోనే పోయారు. ఆ అమ్మాయి చదివాక క్లాసంతా కాసేపు చప్పుడు లేకుండా కూర్చుంది. ఎవరికీ ఏ భావమూ వివరించాల్సిన పని పడలేదు.

ఇంకో అబ్బాయి ఉన్నాడు. మాట తడబడుతుందని క్లాసులో నోరే విప్పడు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు, అంతే. వాడు రాసింది ఇది:

*నోరు తెరిస్తే
నా మాట కనిపించింది
ఎవరూ వినకముందే.*

నోట్లోంచి వచ్చే ఆవిరి, మంత్రిగారూ. పొద్దున్నే అందరం చూస్తాం, చూసి మరిచిపోతాం. చదవమంటే తల అడ్డంగా ఊపాడు. పక్కవాడు చదివాడు. ఆ మర్నాడు తనే లేచి నిలబడి, ఆగుతూ ఆగుతూ, మూడు వరుసలూ చదివాడు. మూడు వరుసలకు ఎంతసేపు పట్టిందో చెప్పను, ఒక్కరూ నవ్వలేదని మాత్రం చెబుతాను. పదిహేడేళ్ళ ఉద్యోగంలో నేను దాచుకున్న రోజులు కొన్నే ఉన్నాయి. అందులో అదొకటి.

మూడో వారం పెద్దన మనుచరిత్రలో ప్రవరుడి కథ చెప్పాను. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని హిమాలయానికి వెళ్ళడం, అక్కడి మంచుకు ఆ లేపం కరిగిపోవడం, ఇంటికి రాలేక తిరగడం. పద్యం పైకి చదివాను, అర్థం అడగలేదు. 'చెప్పులేసుకుని వెళ్ళకూడదా టీచర్' అన్నాడొకడు. మంచు కరిగిస్తే తప్ప దారి తప్పని మనిషి గురించి ఆ రోజు వాళ్ళు రాసిన కవితలు చాలామటుకు ఇంటి గురించే. ప్రవరుడి ఇంట్లో దీపం ఎవరు పెట్టారో రాసింది ఒకమ్మాయి. ఆ కవిత నాకు పూర్తిగా గుర్తు లేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా రెండు వరుసల దగ్గర ఆగిపోతున్నాను. అది ఆ నోటు పుస్తకంలోనే ఉంది.

నాలుగో వారం మంచురేకు. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు మూలల అమరికలో చేరతాయి, అందుకే రేకుకు ఆరు కొమ్మలు. ఇప్పుడు మనం ఇంత తేలిగ్గా చెబుతున్నాం కానీ, 1611లో కెప్లర్ అంతటి శాస్త్రవేత్త ఎప్పుడూ ఆరే ఎందుకని దీని మీద చిన్న పుస్తకమే రాసి, జవాబు తేల్చలేక వదిలేశాడు. తెలియనిదాన్ని తెలియదని రాయడం కూడా రాయడమేనని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ రోజు కవితకు ఆరు వరుసలు, అందులో ఒకటి ప్రశ్న కావాలి. 'చెట్లు ఆకులు రాల్చుకుని చలికి ఎలా ఓర్చుకుంటాయి' అని ఒకరు, 'పిచ్చుకకు దుప్పటి ఎవరు' అని ఒకరు. శిశిరం అనే మాట వాళ్ళకు అప్పుడు బాగా నచ్చింది. హేమంతమని, శిశిరమని చలికాలాన్ని మనవాళ్ళు రెండుగా చూశారని తెలిశాక, ఏ రోజు హేమంతం వెళ్ళిపోయిందో కనిపెడతామని చెట్ల కింద ఆకులు లెక్కపెట్టారు.

ఇదంతా ఆ నోటు పుస్తకాల్లో ఉంది.

జనవరిలో మరో కాగితం వచ్చింది. రెండు రోజుల్లో పంపాలి, మూలప్రతులే పంపాలి, నకళ్ళు చెల్లవు. నేను ఎదురు చెప్పి ఉండాల్సింది. జిరాక్సు తీయించేదాకా ఆగి ఉండాల్సింది. గడువు దాటితే పిల్లల పేర్లు సంకలనంలో ఉండవని ఫోనులో గట్టిగా అన్నారు. భయపడ్డాను. 38 పుస్తకాలకూ అట్టలు వేసి, పేర్లు రాసి, కట్ట కట్టి ఇచ్చాను. తాతయ్య స్వెట్టరు అమ్మాయి ఇవ్వనని మొరాయించింది. 'అచ్చు పుస్తకం వస్తుంది, ఇదీ తిరిగొస్తుంది' అని నేనే ఒప్పించాను. 'ఎప్పుడొస్తుంది' అంది. 'బడి మూసేలోగా' అన్నాను.

ఆ మాట నాది కాదు, మంత్రిగారూ. మీ కాగితంలోది. కానీ ఆ పిల్లకు చెప్పింది నేను.

బడి మూశారు, తెరిచారు. సంకలనం రాలేదు. పుస్తకాలూ రాలేదు. కట్ట తీసుకున్న కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాను. పైకి పంపామన్నారు. పైన అడిగితే కింది నుంచి రాలేదన్నారు. ఒకాయన, చెడ్డ ఉద్దేశంతో కాదులెండి, 'పిల్లల రాతలే కదమ్మా, మళ్ళీ రాయించండి' అన్నారు. పన్నెండేళ్ళ వయసులో తాతయ్య పోయిన మొదటి చలికాలాన్ని మళ్ళీ ఎలా రాయించమంటారు? మొదటిసారి లేచి నిలబడి చదివిన పొద్దును మళ్ళీ ఎలా తెమ్మంటారు? ఆ ప్రశ్న అక్కడ అడగలేక బయటికి వచ్చేశాను. ఇక్కడ మిమ్మల్ని అడుగుతున్నాను.

ఆ పిల్లలు ఇప్పుడు ఏడో తరగతి. వరండాలో ఎదురుపడితే ముందు అడిగేది అదే: 'వచ్చాయా టీచర్?' మొదట్లో రోజూ అడిగేవాళ్ళు. తర్వాత వారానికోసారి. ఇప్పుడు చాలామంది అడగడం మానేశారు. అడిగినప్పటికంటే మానేశాకే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. పెద్దవాళ్ళు అడిగి తీసుకున్నది తిరిగి ఇవ్వరని వాళ్ళకు నేర్పింది నా క్లాసే అయింది.

ఇక ఈ ఏడాది సంగతి. కవితల పీరియడ్‌ను రివిజన్ పరీక్షలకు మార్చారు. దాని బదులు ఒక పోటీ. అంశం 'శీతాకాలం: ప్రయోజనాలు, జాగ్రత్తలు'. ఇరవై వరుసలు, చేతిరాతకు అయిదు మార్కులు. పిల్లలు గైడు చూసి రాస్తారు, బహుమతి కూడా వస్తుంది. ఇది కవిత్వం కాదని మీకు నేను చెప్పాలా? మీరూ ఒకప్పుడు చలిపొద్దున బడికి నడిచే ఉంటారు. వేళ్ళు కొంకర్లు పోయి పలక జారిన రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది. దానికి ప్రయోజనాలేమిటో, జాగ్రత్తలేమిటో ఎవరైనా అడిగారా?

శిక్షణ తరగతులు, నిధులు, ఇవేవీ నేను అడగడం లేదు. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ 38 నోటు పుస్తకాలు ఏ గదిలో, ఏ బీరువాలో ఉన్నాయో వెతికించండి. ఒక మనిషికి ఒక పూట పని. తడిసినవైనా, చిరిగినవైనా ఫరవాలేదు. చెత్తకు వేసేసి ఉంటే ఆ మాటే రాతపూర్వకంగా చెప్పండి. పిల్లలకు నేను చదివి వినిపిస్తాను. కనీసం నిజమైనా చెప్పినవాళ్ళమవుతాం. సంకలనం వేయకపోయినా సరే, నోటు పుస్తకాలు ఇప్పించండి. చలికాలం ఉన్న ఈ రెండు నెలలైనా మా పీరియడ్ మాకు ఇవ్వండి. మార్కులు వద్దు, పోటీ వద్దు, నమూనా కవిత వద్దు. అది కుదరదంటే అది కూడా వదిలేస్తాను, పుస్తకాలు మాత్రం ఇప్పించండి. ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాస్తున్నానని తెలుసు. మూడు ఉత్తరాల్లోనూ ఇదే రాశాను. ఇంకెలా అడగాలో నాకు తెలియడం లేదు.

పోయిన సోమవారం పొగమంచు కమ్మింది. పీరియడ్ లేకపోయినా, బెల్లు కొట్టడానికి ముందున్న పావుగంటలో నిరుటి పిల్లలను పిలిచి, నా డబ్బుతో కొన్న కొత్త నోటు పుస్తకాలు ఇచ్చాను. 21 మంది వచ్చారు. హాజరుకు చెయ్యెత్తే ఆ అబ్బాయి కూడా వచ్చాడు. పుస్తకం తెరిచి, మొదటి నాలుగు పేజీలు తిప్పేసి, అయిదో పేజీలో రాయడం మొదలుపెట్టాడు. ముందువి ఎందుకు వదిలావని అడిగాను. చాలాసేపటికి చెప్పాడు: పాత పుస్తకం వస్తే మాటల నిఘంటువు ఎక్కించుకోవాలట.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక తెలుగు టీచరు