పదిహేనో ఏడు ఖర్చు ఎవరిది?

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. విశాఖకు మెట్రో వస్తోందన్న సంతోషం అందులో ప్రతి వరుసలోనూ కనిపించింది. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా 5.08, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా 6.75, వెరసి 46.23 కిలోమీటర్లని లెక్క కట్టి మరీ రాశావు. నాకూ సంతోషమే. అయితే చివర్లో, "ఆర్టీసీ ఎటూ నష్టాల్లోనే నడుస్తోంది, మెట్రో వచ్చేస్తే ఆ బెడద వదులుతుంది" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నీతో నాకు పేచీ. హైదరాబాద్ మెట్రో కథను టెండర్ల నాటి నుంచి గమనిస్తున్నవాడిగా చెబుతున్నాను: రైలు మార్గం కట్టడానికి డబ్బు ఎక్కడో ఒకచోట పుడుతుంది. దాన్ని ఏళ్ల తరబడి నడపడానికి, దానితోపాటు బస్సును బతికించడానికి డబ్బు ఎవరిస్తారన్నది ముందే తేల్చుకోకపోతే, ఆ భారం చివరికి ఖజానా మీదికో, టికెట్ కొన్నవాడి మీదికో వచ్చి పడుతుంది.

ముందు 2008 సంగతి గుర్తు చేస్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెట్రోను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టించాలని టెండర్లు పిలిచింది. ఇలాంటి ప్రాజెక్టుకు దాని రాబడి చాలదు కాబట్టి ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. దాన్నే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. ఎవరు తక్కువ గ్రాంటు అడిగితే వారికే పని. అలాంటిది, మేటాస్ అనే నిర్మాణ సంస్థ నాయకత్వంలోని కంపెనీల కూటమి తమకు గ్రాంటే అక్కర్లేదని, పైగా ఒప్పందకాలంలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు కడతామని ముందుకొచ్చింది. చాలామంది దాన్ని రాష్ట్రం అదృష్టమనుకున్నారు. ఢిల్లీ మెట్రోను కట్టించిన శ్రీధరన్ మాత్రం ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఈ లెక్క రైలు మీద కాక భూమి మీద ఆధారపడి ఉందని హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద మండిపడింది. 2009 జనవరిలో మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడటం, అదే ఏడాది జూలైలో ఆ ఒప్పందం రద్దు కావడం నీకు తెలిసినవే. రెండోసారి టెండర్లలో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంటు అడిగి పని దక్కించుకుంది. 2010 సెప్టెంబరులో 35 ఏళ్లకు ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందానికి ఆధారమైన రాబడి అంచనా చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. టికెట్ల మీద సగం, మాల్స్, ఆఫీసు భవనాల మీద 45 శాతం, ప్రకటనలు, పార్కింగ్ వగైరాల మీద మిగతా 5 శాతం వస్తుందన్నారు. అందుకోసం డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర కలిపి 269 ఎకరాలు చూపించి, 1.85 కోట్ల చదరపు అడుగుల నిర్మాణానికి వీలు కల్పించారు. పంజగుట్ట, ఎర్రమంజిల్, మూసారాంబాగ్, హైటెక్ సిటీలలో మాల్స్ లేచాయి కానీ, అనుమతించిన విస్తీర్ణంలో చాలా భాగం కాగితం మీదే ఉండిపోయింది. అద్దె రావాలంటే భవనం పూర్తికావాలి, అందులో కిరాయిదారులు చేరాలి. వడ్డీ మాత్రం అప్పు తీసుకున్న నాటి నుంచే నడుస్తుంది. ఆస్తుల సేకరణ, మార్గం (అలైన్‌మెంట్) మీద వివాదాలు, వాటితో వచ్చిన ఆలస్యం దీనికి తోడయ్యాయి. మొదటి 30 కిలోమీటర్లు 2017 నవంబరులో మొదలైతే, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మార్గం 2020 ఫిబ్రవరిలో తెరుచుకుంది. మరుసటి నెలలోనే కరోనా వచ్చి, సెప్టెంబరు దాకా రైళ్లు కదల్లేదు. ఆ పైన ఐటీ ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేయడంతో, మార్గానికి ఆయువుపట్టు అనుకున్న రాయదుర్గం, హైటెక్ సిటీ రద్దీ చాలాకాలం తిరిగి రాలేదు.

ఫలితం నువ్వు పత్రికల్లో చూసే ఉంటావు. 2025 మే నెలలో కనీస ఛార్జీని 10 రూపాయల నుంచి 12కు, గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75కు పెంచారు. జనం గగ్గోలు పెట్టాక పది శాతం తగ్గించి 11, 69 చేశారు. ఆ సెప్టెంబరులోనే, సుమారు 13,000 కోట్ల అప్పును తన మీద వేసుకుని, కంపెనీ వాటా కింద దాదాపు 2,000 కోట్లు చెల్లించి, మెట్రో మొదటి దశను స్వాధీనం చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. అంటే, ప్రైవేటు పెట్టుబడితో ఖజానా మీద భారం లేకుండా వస్తుందని చెప్పిన ప్రాజెక్టు, సంతకాలైన పదిహేనో ఏట ఖజానా గుమ్మం ముందు నిలబడింది.

దీన్ని బట్టి హైదరాబాద్ మెట్రో విఫలమైందని నేను అనడం లేదు. 69 కిలోమీటర్ల ఆ రైలు రోజుకు నాలుగున్నర లక్షల మంది వరకు చేరవేస్తోంది. ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు గంటలోపు చేరడమన్నది ఒకప్పుడు ఊహకు కూడా అందని విషయం. విఫలమైంది దానికి డబ్బు సమకూర్చిన పద్ధతి. భూమి నుంచి రైలుకు డబ్బు రాబట్టడం అసాధ్యమేమీ కాదు. హాంకాంగ్‌లో ఎంటీఆర్ సంస్థ దశాబ్దాలుగా చేస్తున్నది అదే. కాకపోతే అక్కడ స్టేషన్ పరిసరాల భూమిని రైలు రాకముందున్న ధరకు ప్రభుత్వం ఆ సంస్థకు ఇస్తుంది, ఆ సంస్థలో పెద్ద వాటా ప్రభుత్వానిదే. కాబట్టి రైలు రావడం వల్ల పెరిగిన విలువ తిరిగి రైలుకే చేరుతుంది. మన దగ్గర ఆ పెరుగుదల దాదాపు మొత్తం చుట్టుపక్కల స్థల యజమానులకు, బిల్డర్లకు వెళ్లింది. మియాపూర్, ఉప్పల్ వైపు స్థలాల ధరలు పెరగడం నగరమంతా చూసింది. అందులో రైలు నడపడానికి తిరిగి వచ్చిందెంతో లెక్కపెట్టడానికి ఒక ఖాతా కూడా లేదు.

ఇక నువ్వు బెడద అన్న బస్సు దగ్గరికి వస్తాను. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం లక్ష జనాభాకు 60 బస్సులుంటే మంచి సేవ కింద లెక్క. కోటి దాటిన హైదరాబాద్‌లో ఉన్నవి సుమారు 3 వేలు, అంటే సగం. అయితే బస్సుల సంఖ్య ఒక్కటే చూస్తే అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలియదు. కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కే సర్వీసును తీసుకో. లెక్క సులువుగా ఉండటానికి, ఒక బస్సు వెళ్లి, చివర కాసేపు ఆగి, తిరిగి వచ్చేసరికి 3 గంటలు పడుతుందనుకుందాం. స్టాపులో నిల్చున్నవారికి పది నిమిషాలకొక బస్సు కనబడాలంటే 18 బస్సులు కావాలి. నాంపల్లి దగ్గర, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని అదే ప్రయాణం 4 గంటలైతే, అదే పది నిమిషాల ఎడానికి 24 బస్సులు కావాలి. ఆరు బస్సులు, వాటికి రెండు షిఫ్టుల డ్రైవర్లు, కండక్టర్లు, డీజిలు, డిపోలో వాటిని నిలిపే చోటు అదనంగా కావాలి. టికెట్ మాత్రం ఒక్కటి కూడా అదనంగా తెగదు. డిపో మేనేజరు దగ్గర ఆ ఆరు బస్సులు ఉండవు కాబట్టి ఎడం పది నుంచి పదమూడు నిమిషాలు దాటుతుంది, విసిగినవాడు వాయిదాల మీద బైక్ కొంటాడు, ఆ బైక్ చేరి రద్దీ ఇంకా పెరుగుతుంది. ఇంత జరిగాక ఆర్టీసీ ఖాతాలో కనిపించే నష్టంలో ఎంత ఆర్టీసీది, ఎంత రోడ్డును పంచడం చేతకాని నగరానిది? నన్నడిగితే, రద్దీ వేళల్లో బస్సుకు ఒక వరుస కేటాయించి, దాన్ని పోలీసులు గట్టిగా కాపాడటం, కొత్త బస్సులు కొనడంతో సమానమైన పని. ఖర్చు అందులో పదో వంతు కూడా ఉండదు.

బస్సు టికెట్ డబ్బుతోనే బతకాలన్న నియమం కూడా ఇప్పుడు మారిపోయింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం, 2025 ఆగస్టు 15 నుంచి మీ దగ్గర స్త్రీశక్తి పథకం అమల్లోకి వచ్చాయి. సిటీ ఆర్డినరీ బస్సులో మహిళ ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తుంది, కండక్టర్ టికెట్లిచ్చే టిమ్ యంత్రం మీద మీట నొక్కుతాడు, సున్నా రూపాయల టికెట్ వస్తుంది. ఆమెకు సున్నా అయిన ఆ ఛార్జీని ప్రభుత్వం ఆర్టీసీకి తిరిగి చెల్లించాలి. ఇంటిపనికి వెళ్లే ఆవిడకూ, కాలేజీ పిల్లకూ నెలకు మిగిలే ఆ డబ్బు ఎంత విలువైనదో నాకు తెలుసు, ఆ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అందుకే అంటున్నాను, ఆ చెల్లింపు నెలనెలా గడువుకు అందాలి. ఆలస్యమైతే ముందు ఆగేది టైర్ల కొనుగోలు, తర్వాత కొత్త బస్సు, ఆ తర్వాత సిబ్బంది పీఎఫ్ సొమ్ము. బస్సులు కిక్కిరిసి సీట్లు నిండే శాతం (ఆక్యుపెన్సీ రేషియో) వంద దరిదాపులకు వెళ్లినప్పుడు బస్సులు పెంచకపోతే, ఉచిత ప్రయాణం ఫుట్‌బోర్డు ప్రయాణమవుతుంది.

ఇప్పుడొస్తున్న ఎలక్ట్రిక్ బస్సులతో ఈ క్రమశిక్షణ ఇంకా ముఖ్యమవుతోంది. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. ఆ బస్సు ఆర్టీసీది కాదు. ప్రైవేటు సంస్థ తెచ్చి నడుపుతుంది, ఆర్టీసీ దానికి కిలోమీటరుకు ఇంతని చెల్లిస్తుంది. బస్సు నిండినా ఖాళీగా తిరిగినా ఆ చెల్లింపు తప్పదు. రాష్ట్రాల సంస్థలు బాకీ పడతాయన్న భయంతో బ్యాంకులు అప్పివ్వడం లేదని గ్రహించే, 2024లో కేంద్రం 3,435 కోట్లతో ఒక హామీ నిధి పెట్టింది: సంస్థ కట్టకపోతే నిధి నుంచి ఆపరేటరుకు చెల్లించి, ఆ మొత్తాన్ని తర్వాత రిజర్వ్ బ్యాంకులోని రాష్ట్ర ఖాతా నుంచి మినహాయించుకుంటుంది. ప్రైవేటు ఆపరేటరుకు ఇంత కట్టుదిట్టమైన హామీ ఇవ్వగలిగినప్పుడు, ఆర్టీసీ సొంత బస్సుకు, సొంత కార్మికుడికి ఎందుకివ్వలేమని నాకు బాధగా ఉంటుంది.

అలాంటి ప్రయత్నం హైదరాబాద్‌లో ఒకసారి జరిగింది. సిటీ బస్సుల నష్టాన్ని నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ భరించాలని నిర్ణయించారు. కొద్దికాలం కొంత సొమ్ము ఇచ్చి జీహెచ్ఎంసీ చేతులెత్తేసింది. 2019 ఆర్టీసీ సమ్మె కాలంలో ఆ బకాయి ప్రస్తావన హైకోర్టు దాకా వెళ్తే, తమ ఆర్థిక స్థితి అనుకూలిస్తేనే ఇవ్వాలి తప్ప తప్పనిసరి కాదని వాదించింది. ఆలోచన సరైనదే, దాని వెనుక ఆదాయ మార్గమే లేదు. ఫ్రాన్స్ 1971లోనే పారిస్ ప్రాంతంలోని యజమానుల మీద, వాళ్లిచ్చే జీతాల మొత్తంలో కొంత శాతం లెక్కన, రవాణా కోసమే పన్ను వేసింది. తర్వాత ఇతర నగరాలకూ విస్తరించింది. ఉద్యోగి సమయానికి రావడం వల్ల లాభపడేది యజమాని కూడా కదా! మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు తమ ఉద్యోగుల క్యాబులకు పెడుతున్న ఖర్చులో కొంత భాగం ఇలా ఒక నిధికి చేరితే ఆ ప్రాంతం రూపురేఖలే మారతాయని నా నమ్మకం.

డబ్బు ఉన్నా దాన్ని కలిపి ఖర్చు చేసే చేయి ఒకటి ఉండాలి. నువ్వు ఈసారి వచ్చినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర నిలబడి చూడు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు రైల్వేది, దాని టికెట్ లోపలి కౌంటర్లో. మెట్రో కావాలంటే సామానుతో బయటికొచ్చి, సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ మెట్లెక్కి, మళ్లీ తనిఖీ, మళ్లీ టికెట్. సిటీ బస్సు కావాలంటే రేతిఫైల్ బస్‌స్టేషన్‌కో, చుట్టుపక్కల విడివిడిగా ఉన్న స్టాపుల్లో సరైనదానికో వెతుక్కుంటూ నడవాలి. అరకిలోమీటరు లోపల మూడు సంస్థలున్నాయి. రెండుసార్లు వాహనం మారినవాడు మూడు కనీస ఛార్జీలు కడతాడు. వీటన్నిటినీ కలపడానికి ఉమ్టా అనే ఏకీకృత రవాణా సంస్థను 2008లోనే ఏర్పాటు చేశారు. దానికి సొంత నిధి లేదు, ఆర్టీసీ రూటునో మెట్రో ఛార్జీనో మార్చమని ఆదేశించే బలమూ లేదు. చెన్నైలో 2010లో చట్టమైతే చేశారు కానీ, అక్కడ కూడా బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటికీ కలిపి ఒకే క్యూఆర్ టికెట్ రావడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. ఆలస్యమైనా అది వచ్చింది.

మళ్లీ మీ విశాఖ సంగతి. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణ పథకం డబ్బుతో పెందుర్తి, సింహాచలం వైపు, బస్సులకు ప్రత్యేక వరుస ఉండాల్సిన బీఆర్‌టీఎస్ రోడ్లు వేశారు. రోడ్డైతే వచ్చింది, బస్సుకంటూ కాపాడిన వరుస, దాన్ని నిండా వాడుకునే సర్వీసులు రాలేదు. నిర్మాణానికి గ్రాంటు దొరికింది, నిర్వహణకు యజమాని దొరకలేదు. 46 కిలోమీటర్ల మెట్రోకు కూడా అదే గతి పట్టకూడదని నా ఆరాటం. మీ కాలనీ సంఘం వాళ్లు ప్రజాప్రతినిధులను కలవబోతున్నారని రాశావు కాబట్టి, స్టేషన్ ఎక్కడ వస్తుందని మాత్రమే అడగవద్దని చెప్పు. మధురవాడ, కొమ్మాది వైపు పెరిగే స్థలాల ధరల్లో, రిజిస్ట్రేషన్ రాబడిలో ఎంత వాటా రవాణా నిధికి చట్టప్రకారం కేటాయిస్తారో అడగమను. ప్రతి స్టేషన్‌కూ ఏయే సిటీ బస్సులు వచ్చి కలుస్తాయో, ఆ బస్సులు కొనేదెవరో అడగమను. మెట్రో దిగి బస్సెక్కినవాడికి రెండో కనీస ఛార్జీ ఉండదని రాతపూర్వకంగా చెప్పమను. కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో విధానమే సమగ్ర రవాణా ప్రణాళిక, ప్రత్యామ్నాయాల పరిశీలన, ఉమ్టా ఏర్పాటు తప్పనిసరి అంటోంది. కాబట్టి ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

ఒక సాయం చెయ్యి. ఒక పనిదినం పొద్దున 8 నుంచి 10 దాకా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నిలబడి, భీమిలి వెళ్లే 900కే, సింహాచలం వెళ్లే 28 బస్సులు ఎంత ఎడంతో వస్తున్నాయో, ఎంత నిండి ఉన్నాయో రాసి పంపు. ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయిని తోడు తీసుకెళ్తే ఒకరు ఒక రూటు చూసుకోవచ్చు. ఆ అంకెలు వస్తే, పైన నేను 127కేకు వేసిన లెక్కే మీ రూట్లకు వేసి, మీ సంఘం ఇవ్వబోయే వినతిపత్రంలో చేర్చుకునేలా రెండు పేజీలు తయారుచేసి పంపుతాను.

నీ,
హైదరాబాద్ మిత్రుడు