రీబూట్ కొట్టే ముందు ఈ ఉత్తరం చదువు

హన్మకొండ

దోస్త్,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కాజీపేట స్టేషన్ దగ్గర రద్దీలో ఉన్నాను. "లైనక్స్‌ను డెబియన్ 12 నుంచి 13కి మారుద్దామనుకుంటున్నా, డిస్కులన్నీ పాస్‌వర్డ్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయి, ఏమన్నా తేడా కొడుతుందా?" అని అడిగావు. ఆగు, రాస్తానన్నాను. ఫోన్లో సగం సగం చెబితే నువ్వు ఆ రాత్రికే మొదలుపెట్టేస్తావని నాకు తెలుసు. జగిత్యాలలో నీ గదిలో ఉన్న ఆ పాత డిస్క్ గుర్తొచ్చి నాకు నిజంగానే భయమేసింది. దాని ముచ్చట కూడా చెప్తా. మొత్తం చదివాకే మిషన్ ముట్టుకో.

ముందు మా బావ స్టూడియోలో ఏం జరిగిందో విను. మూఢం కాబట్టి ముహూర్తాలు లేవు, గిరాకీ తక్కువ. ఇదే సమయమని అక్కడ ఎడిటింగ్ చేసే తమ్ముడు మిషన్‌ను 13కి మార్చాడు. అందులో రెండు డిస్కులున్నాయి. సిస్టమ్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఫొటోలు వీడియోలు ఉన్న పెద్ద హార్డ్‌డిస్క్ ఒకటి. రెండూ ల్యుక్స్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో తాళం వేసినవే. బావ ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉంటాడు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు మన చేతిలో పెట్టి పోతారు, ఆ డిస్క్ దొంగల పాలైనా రిపేర్‌కు పోయినా ఒక్క ఫొటో బయటికి రావద్దు అంటాడు. ఆ మాట మీద బావంటే నాకు మస్తు గౌరవం.

అప్‌గ్రేడ్ ఏ గొడవా లేకుండా అయింది. రీబూట్ చేశారు. మొదట సిస్టమ్ డిస్క్ పాస్‌వర్డ్ అడిగింది, కొట్టారు, తీసుకుంది. తర్వాత స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతూ, ఫొటోల డిస్క్ కోసం ఎదురుచూస్తున్నానని ఒక లైను. పక్కన సెకన్లు లెక్కపెడుతూ ఒకటిన్నర నిమిషం దాకా పోయింది. బూట్‌లో సర్వీసులన్నిటినీ లేపే సిస్టమ్‌డీ మామూలుగా ఇచ్చే గడువు అది, 90 సెకన్లు. గడువు దాటగానే వరసగా డిపెండెన్సీ ఫెయిల్డ్ అని లైన్లు, ఆఖరికి ఎమర్జెన్సీ మోడ్. నల్ల స్క్రీన్, రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ ఇవ్వమని ఒక ప్రశ్న.

బావ ఎవరికో ఫోన్ చేస్తే, డిస్క్ పోయినట్టుంది, ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాలి అన్నారట. డెలివరీ ఇవ్వాల్సిన కరిజ్మా ఆల్బమ్‌ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. బావ మొహంలో రక్తం లేదు. అక్క నాకు ఫోన్ చేసి, "నువ్వు వచ్చేదాకా ఎవర్నీ ముట్టనీయను" అంది. ఆ డిస్క్‌ను కాపాడింది అక్కే.

పోయి కూర్చున్నాక నేను ముందు చూసింది డిస్క్ అసలు కనబడుతోందా లేదా అని. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ను మైనస్ ఎఫ్‌తో ఇస్తే పెద్ద డిస్క్ కనబడింది, దాని మీద క్రిప్టో ల్యుక్స్ అని గుర్తు కూడా ఉంది. ల్యుక్స్‌లో డిస్క్ మొదట్లో ఒక హెడర్ ఉంటుంది. ఏ పద్ధతిలో తాళం వేశారు, పాస్‌వర్డ్‌తో తెరుచుకునే కీ స్లాట్లు ఏవి, అన్నీ అందులోనే ఉంటాయి. ల్యుక్స్‌డంప్‌తో చూస్తే హెడర్ సక్కగా ఉంది. ఇక క్రిప్ట్‌సెటప్ ఓపెన్ అని చేత్తో కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాను. తెరుచుకుంది. ముందు రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, అంటే చదవడానికి మాత్రమే ఫోల్డర్‌లా తెరిచి, చూపించాను. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. బావ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

షట్టర్ బాగుంది, తాళం బాగుంది, తాళంచెవి ఉంది, లోపల సామాను ఉంది. పొద్దున్నే వచ్చి షాపు తెరిచే పిల్లోడు ఒక్కడే రాలేదు. అంతే జరిగింది. ఆ పిల్లోడు ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్తా, నీకు పనికొచ్చేది ఇదే.

సిస్టమ్ డిస్క్‌ను తెరిచేది వేరు, మిగతా డిస్కులను తెరిచేది వేరు. సిస్టమ్ డిస్క్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తెరుస్తుంది. అసలు సిస్టమ్ లేవకముందే మెమరీలోకి ఎక్కే చిన్న సరంజామా అది. క్రిప్ట్‌సెటప్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్యాకేజీ ఆ పని చూసుకుంటుంది. ఆ తర్వాత సిస్టమ్‌డీ లేచి, ఈటీసీ ఫోల్డర్ కింద, తాళం వేసిన డిస్కుల జాబితా ఉన్న క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్ చదివి, ఒక్కో డిస్క్‌కు ఒక్కో సర్వీస్ తయారుచేసి మిగతావి తెరుస్తుంది. ఆ సర్వీస్‌లు తయారుచేసే భాగాన్ని జనరేటర్ అంటారు. డెబియన్ 12 వరకు ఇది సిస్టమ్‌డీ ప్యాకేజీలోనే కలిసి ఉండేది. 2025 ఆగస్టు 9న వచ్చిన 13లో దాన్ని విడదీసి సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్ అని వేరే ప్యాకేజీ చేశారు.

వేరు చేసినా, సిస్టమ్‌డీ దాన్ని రికమెండ్ చేస్తుంది కాబట్టి అప్‌గ్రేడ్‌లో దానంతటదే రావాలి. బావ మిషన్‌లో మాత్రం రాలేదు. ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ సెట్టింగుల్లో రికమెండ్స్, అంటే తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచిదనే ప్యాకేజీలు, రాకుండా ఆపేసి ఉంది. చిన్న ఎస్‌ఎస్‌డీలో జాగా మిగలాలని, మొదట మిషన్ సెట్ చేసినవాళ్లెవరో పెట్టిన లైను అది. ఇన్నేళ్లూ దానితో ఏ ఇబ్బందీ రాలేదు, ఈ ఒక్క అప్‌గ్రేడ్‌లో దెబ్బకొట్టింది. సర్వీస్ స్టేటస్ అడిగితే ఫెయిల్ అయిందని కూడా చెప్పలేదు, అసలు అట్లాంటి యూనిట్, అంటే ఆ సర్వీసే, లేదంది. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకో. ఫెయిల్ అంటే పాస్‌వర్డో, కీ ఫైలో, డిస్కో చూడాలి. యూనిట్టే లేదంటే తెరిచే సాఫ్ట్‌వేర్ లేదని అర్థం, డిస్క్ మీద అనుమానం పెట్టుకోవద్దు.

ఎమర్జెన్సీ మోడ్‌లో నెట్ ఉండదు కదా, మరి ప్యాకేజీ ఎట్లా ఎక్కించావని అడుగుతావు. డిస్క్‌ను చేత్తో తెరిచి, దాని చోట మామూలుగా మౌంట్ చేసి, కంట్రోల్ డీ కొడితే ఆగిపోయిన బూట్ అక్కడి నుంచి ముందుకు సాగింది. నెట్ వచ్చింది. సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్ ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్‌డీ తన ఫైళ్లను మళ్లీ చదువుకునేలా డీమన్ రీలోడ్ ఇచ్చాను. రన్ కింద సిస్టమ్‌డీ, అందులో జనరేటర్ ఫోల్డర్ తెరిచి ఫొటోల డిస్క్ పేరుతో సర్వీస్ ఫైల్ పుట్టిందని కళ్లతో చూశాకే రీబూట్ చేశాను. నువ్వు కూడా అక్కడ ఫైల్ కనబడే వరకు రీబూట్ జోలికి పోవద్దు.

ఇక నీ సంగతి. కాలేజీ లైబ్రరీలో నువ్వు చూసుకునే రెండు మిషన్లు ల్యుక్స్‌వే అన్నావు. వాటికి పెద్ద టెన్షన్ లేదు. అప్‌గ్రేడ్ అయ్యాక, రీబూట్‌కు ముందు, ఆ ప్యాకేజీ ఉందో లేదో చూడు, లేకపోతే పెట్టు. రూట్‌కు పాస్‌వర్డ్ ఉందా అన్నది మాత్రం ఇప్పుడే చూసుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి సుడోతో, అంటే మామూలు అకౌంట్‌కే అడ్మిన్ హక్కులిచ్చి, నడిపిస్తుంటే, ఎమర్జెన్సీ మోడ్ లోపలికి రానివ్వదు, రూట్ అకౌంట్ లాక్ అయి ఉందని చెప్పి ఆగిపోతుంది. మిషన్‌ను దానితోనే బూట్ చేయగలిగే లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి పక్కన ఉంచుకో.

నాకు అసలు ఫికర్ ఆ పాత డిస్క్ గురించే. మనం యూనివర్సిటీ హాస్టల్‌లో ఉన్నప్పుడు తాళం వేసిన డిస్క్. మీ నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలు, మీ ఊళ్లో రికార్డు చేసిన ఒగ్గుకథలు అందులోనే ఉన్నాయి కదా. ఆమె లేరు, ఆ పాటలు ఇంకెక్కడా లేవు. అది ల్యుక్స్ కాదు దోస్త్, ప్లెయిన్ మోడ్. ప్లెయిన్‌లో హెడర్ అనేదే ఉండదు. ఏ సైఫర్ (తాళం వేసే పద్ధతి), కీ ఎంత పొడవు, పాస్‌వర్డ్‌ను ఏ హాష్‌తో కీగా మార్చాలి అనేవి డిస్క్ మీద ఎక్కడా రాసి ఉండవు. క్రిప్ట్‌ట్యాబ్‌లో రాస్తే క్రిప్ట్‌సెటప్ వాటినే తీసుకుంటుంది, రాయకపోతే తన డిఫాల్ట్‌లు వాడుకుంటుంది. మనం అప్పుడు డిఫాల్ట్‌ల మీదే పెట్టాం. ఇన్నాళ్లూ అవి మారలేదు కాబట్టి నడిచింది.

13లో అవి మారాయి. పాతవి: సైఫర్ ఏఈఎస్-సీబీసీ-ఎస్సివ్:షా256, సైజు 256, హాష్ రైప్‌ఎండీ160. కొత్తగా సైఫర్ ఏఈఎస్-ఎక్స్‌టీఎస్-ప్లెయిన్64, హాష్ షా256 అయ్యాయి. భద్రత కోసం చేసిన మంచి మార్పే. కానీ నీ డిస్క్‌ను కొత్త డిఫాల్ట్‌లతో తెరిస్తే ఏమవుతుందో తెలుసా? ఏ ఎర్రరూ రాదు! ప్లెయిన్‌లో పాస్‌వర్డ్ తప్పో ఒప్పో సరిచూసుకోవడానికి డిస్క్ మీద ఏమీ లేదు కాబట్టి హాయిగా తెరుచుకుంటుంది, లోపల అంతా చెత్త అక్షరాలు. మౌంట్ చేయబోతే ఫైల్‌సిస్టమ్ తప్పు, సూపర్‌బ్లాక్ పాడైందని అంటుంది. అది చూసి ఎవరైనా ఎఫ్‌ఎస్‌సీకేతో రిపేర్ చేయబోయినా, ఫార్మాట్ కొట్టినా, పాటలు అప్పుడు పోతాయి. అప్పటిదాకా పోవు. డిస్క్ ఊరికే అరలో ఉంటే దానికేం కాదు.

కాబట్టి 12 మీద ఉండగానే, డిస్క్ తెరిచి ఉన్నప్పుడే, క్రిప్ట్‌సెటప్ స్టేటస్ కొట్టి చూడు. సైఫర్, కీ సైజు చూపిస్తుంది. హాష్ చూపించదు. దానికి క్రిప్ట్‌సెటప్ హెల్ప్ తెరిచి కిందిదాకా పో, ఆ వెర్షన్ డిఫాల్ట్‌లన్నీ చివర్లో ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో. తర్వాత క్రిప్ట్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ లైను చివర ప్లెయిన్ అని, పక్కన ఆ మూడూ కామాలతో రాయి. డిస్క్ మూసి, క్రిప్ట్‌డిస్క్స్ స్టార్ట్‌తో మళ్లీ తెరిచి, పాటలు వినబడుతున్నాయా చూడు. వినబడితే అప్పుడు అప్‌గ్రేడ్. ఇంకా మంచి పని, ఆ పాటలన్నీ ముందు ల్యుక్స్ వేసిన కొత్త డిస్క్‌లోకి కాపీ చేసి, పాతదాన్ని మిషన్ నుంచి విప్పి పక్కన పెట్టు. ప్లెయిన్ డిస్క్‌ను ఏ మిషన్‌కు తగిలించినా ఖాళీ డిస్క్‌లాగే కనబడుతుంది, విండోస్ అయితే ఫార్మాట్ చేయాలా అని కూడా అడుగుతుంది. ఇంట్లో పిల్లలున్నారు, ఎవరో ఒకరు సరే అని నొక్కుతారు.

క్రిప్ట్‌ట్యాబ్‌లో చేయి పెట్టినప్పుడు ఇవి కూడా చూడు. డిస్క్‌ను ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లతో రాసి ఉంటే, మారని గుర్తింపు నంబరైన యూయూఐడీకి మార్చు, ఆ పేర్లు ఒక్కోసారి అటూ ఇటూ అవుతాయి. ల్యుక్స్ డిస్క్‌కు యూయూఐడీలు రెండుంటాయి. బయటి తాళానిది క్రిప్ట్‌ట్యాబ్‌లో రాయాలి, లోపలి ఫైల్‌సిస్టమ్‌ది, మౌంట్‌ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో. ఇవి తారుమారైనా సరిగ్గా ఆ 90 సెకన్ల నిరీక్షణే వస్తుంది. ప్లెయిన్ డిస్క్‌కు ఎట్లాగూ యూయూఐడీ ఉండదు, దానికి బై-ఐడీ ఫోల్డర్‌లో సీరియల్ నంబరుతో ఉండే పేరు వాడుకో.

డేటా డిస్కులకు రెండు ఫైళ్లలోనూ నోఫెయిల్ పెట్టు, ఒక్క డిస్క్ తెరుచుకోకపోతే మిషన్ మొత్తం ఆగిపోకుండా ఉంటుంది. బావ మిషన్‌లో అది లేకనే అంత హంగామా అయింది. కాకపోతే దీనితో ఒక ప్రమాదం ఉంది. డిస్క్ మౌంట్ కాకపోయినా ఫోల్డర్ ఖాళీగా కనబడుతుంది, ఎవరైనా కెమెరా కార్డులు అందులోకే కాపీ చేసేస్తే అవి పోయి చిన్న ఎస్‌ఎస్‌డీలో పడతాయి, అది నిండిపోతుంది. డిస్క్ మౌంట్ కానప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్‌ఆటర్ కమాండ్‌ను ప్లస్ ఐతో ఇస్తే ఎవరూ అందులో రాయలేరు. స్టూడియోలో అదే చేశాను.

ల్యుక్స్ హెడర్ బ్యాకప్ కూడా తీసుకో. ల్యుక్స్2లో హెడర్ మామూలుగా 16 ఎంబీ, పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. హెడర్ దెబ్బతింటే పాస్‌వర్డ్ ఎంత బాగా గుర్తున్నా లాభం లేదు. ఆ బ్యాకప్‌ను మాత్రం జాగ్రత్తగా దాచు. పాస్‌వర్డ్ తర్వాత మార్చుకున్నా, పాత హెడర్‌తో పాత పాస్‌వర్డ్ పనిచేస్తూనే ఉంటుంది.

చెల్లెను అడిగానని చెప్పు, పిల్లల పరీక్షలు ఎట్లా రాశారో రాయి. మేడారం జాతరకు మీరంతా మా ఇంటి మీదుగానే పోతారు కదా, ఒక పూట ముందే రండి, అమ్మ సర్వపిండి చేస్తానంటోంది. ఆ పాత డిస్క్ తువ్వాలులో చుట్టి నీ దగ్గరే పెట్టుకొని తీసుకురా, సామాన్ల కింద వేయకు. మా ఇంట్లో 12 ఉన్న మిషన్ ఒకటి అట్లాగే ఉంచాను. కొత్త డిస్క్ కూడా నేనే తెచ్చిపెడతా, ఇద్దరం కూర్చొని కాపీ చేద్దాం.

నీ
హన్మకొండ దోస్తు