అప్లికేషన్ సర్వర్ డెవలపర్ల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒక్క విషయం చుట్టూనే నడిచింది: మన ఓపెన్ సోర్స్ అప్లికేషన్ సర్వర్‌ని (జావా అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ని) ప్లగిన్ల పద్ధతికి, అంటే కావలసినవే తగిలించుకునే విడి భాగాల పద్ధతికి, ఎలా మార్చాలి? కొత్త కోడ్ తక్కువే రాశాం. ముందు డిజైన్ తేలాలని కార్యవర్గం పట్టుబట్టింది.

ఇవాళ మన సర్వర్‌లో మెసేజింగ్ (ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే భాగం) అక్కర్లేని వాళ్లు కూడా మెసేజింగ్‌ని మోయాల్సిందే. మనకంటే ముందు ఈ ఇబ్బంది పడ్డవాళ్లు ఉన్నారు. 2008లో వచ్చిన అపాచీ జెరోనిమో 2.1, సర్వర్‌ని ప్లగిన్లుగా విడగొట్టి, కావలసినవి ఏరుకుని సొంత సర్వర్ కూర్చుకునే వీలిచ్చింది. 2009 చివర్లో గ్లాస్‌ఫిష్ 3 ఓఎస్‌జీఐ (జావా ప్రోగ్రాములను మాడ్యూళ్లుగా, అంటే విడి భాగాలుగా కూర్చే ప్రమాణం) మీదికి వెళ్లింది. 2011లో జేబాస్ 7 తన సొంత మాడ్యూల్ వ్యవస్థ మీద నిలబడింది. మాకు బాగా నచ్చింది ఈ మూడోదే. మాడ్యూల్ తనకేం కావాలో ముందే చెప్పుకుంటుంది, అవే దానికి కనిపిస్తాయి.

అసలు తలనొప్పి లైబ్రరీల దగ్గరే. రెండు ప్లగిన్లు ఒకే లైబ్రరీవి రెండు వెర్షన్లు తెస్తే, ఒకే క్లాస్‌లోడర్ (క్లాసుల కోడ్‌ని మెమరీలోకి తెచ్చే భాగం) కింద ముందు దొరికిందే లోడవుతుంది. రెండో ప్లగిన్ నడుస్తూ నడుస్తూ నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో (పిలిచిన మెథడ్ లేదనే లోపంతో) పడిపోతుంది. అందుకే ప్రతి ప్లగిన్‌కీ సొంత క్లాస్‌లోడర్ ఇస్తున్నాం. ప్లగిన్లన్నీ వాడే ఉమ్మడి ఇంటర్‌ఫేస్‌లు మాత్రం సర్వర్ మూల భాగమైన కెర్నల్‌లోనే ఉంటాయి. వాటిని కూడా ఎవరి కాపీ వాళ్లు తెచ్చుకుంటే, పేరు ఒకటే అయినా జేవీఎం (జావా కోడ్‌ని నడిపే వర్చువల్ మెషీన్) లెక్కలో అవి వేర్వేరు క్లాసులు. ఒక క్లాస్ ఆబ్జెక్ట్‌ని మరో క్లాస్‌దిగా వాడబోతే వచ్చే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ తప్పదు.

వాదన ఎక్కువగా జరిగింది సర్వర్ నడుస్తుండగానే ప్లగిన్ తీసేయడం గురించి. వినడానికి బాగుంటుంది. కానీ ప్లగిన్ థ్రెడ్‌లోకల్‌లో (ఒక్కో థ్రెడ్‌కీ విడిగా ఉండే నిల్వలో) పెట్టిన ఒక్క ఆబ్జెక్ట్, సర్వర్ మళ్లీ మళ్లీ వాడుకునే పూల్ థ్రెడ్‌లో మిగిలిపోతే చాలు. ఆబ్జెక్ట్ తన క్లాస్‌నీ, క్లాస్ తన లోడర్‌నీ, లోడర్ తను లోడ్ చేసిన క్లాసులన్నిటినీ పట్టుకుని ఉంటాయి. వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌కి వాటిని ముట్టుకునే వీలుండదు. అలాంటి ప్లగిన్‌ని తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ మెటాస్పేస్ (క్లాసుల వివరాలు ఉండే మెమరీ) పెరుగుతుంది. అందుకని మొదటి విడుదలలో ప్లగిన్ మారిస్తే రీస్టార్ట్ తప్పనిసరి అని తీర్మానించాం. కొందరు సభ్యులు నిరాశపడ్డారని తెలుసు. అయినా అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ మెమరీ నిండి ఆగిపోయే టెన్షన్ కంటే, చెప్పి చేసే రీస్టార్ట్ ఎంతో మేలు.

జమాఖర్చుల వివరాలు సర్వసభ్య సమావేశంలో అందుతాయి.

వచ్చే ఏడాది ముందుగా మెసేజింగ్‌ని విడదీస్తాం, వెబ్ కంటైనర్ ఆ తర్వాత. ప్లగిన్ ఇంటర్‌ఫేస్ ముసాయిదా ఈ నివేదికతోపాటే పంపుతున్నాం. విడుదలయ్యాక బయటివాళ్లు దాన్ని నమ్ముకుని ప్లగిన్లు రాస్తారు, అప్పుడు మార్చడం కష్టం. అభ్యంతరాలుంటే ఇప్పుడే రాసి పంపండి, ముఖ్యంగా ప్లగిన్ మొదలవడం, ఆగడం గురించిన భాగం మీద.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి