బొల్లి చికిత్సను సౌందర్య చికిత్సగా లెక్కగట్టడం సరికాదు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి మోచేతి మీద మొదటి తెల్లమచ్చ కనిపించేనాటికి తనకు 12 ఏళ్లు. మచ్చ ఇంకా గోరంత ఉండగానే చర్మవైద్యురాలు చీకటిగదిలో అతినీలలోహిత దీపం వేసి, మామూలు వెలుతురులో మా కంటికి ఆనని మరో రెండు మచ్చలు నీలితెలుపుగా మెరవడం మాకు చూపించారు. ఇది బొల్లి అని, పాకే దశలో ఉంది కనుక ఆలస్యం చేయవద్దని చెప్పారు. చికిత్స ఖర్చుకు దరఖాస్తు చేస్తే బీమా సంస్థ పంపిన జవాబులో 'సౌందర్య చికిత్సకు వర్తించదు' అన్న ఒక్క వాక్యమే ఉంది. ఇలాంటి జవాబు అందుకున్న కుటుంబాలు ఇంకా ఎన్నో ఉన్నాయి కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను.

చర్మం పైపొర అడుగున ఉండే మెలనోసైట్లు అనే కణాలు చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసి, ఒక్కొక్కటి తన చుట్టూ ఉన్న ముప్పై నలభై కణాలకు పంచుతాయి. బొల్లిలో ఈ రంగు కణాలే నశిస్తాయి. వాటిని చంపేవి బయటి నుంచి వచ్చిన క్రిములు కావు. వైరస్ సోకిన కణాలను ఏరివేయడానికి మన ఒంట్లోనే ఉన్న సీడీ8 టి కణాలు. రంగు కణాల్లోని ప్రొటీన్లను శత్రువు ఆనవాళ్లుగా పొరబడి అవి దాడికి దిగుతాయి. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ తగిలిన ఇరుగుపొరుగు చర్మకణాలు సీఎక్స్‌సీఎల్10 వంటి సంకేతాలు వెలువరించి మరిన్ని టి కణాలను అక్కడికి రప్పిస్తాయి. మచ్చ అంచులు పాకేది ఈ గొలుసు వల్లే. ఒకరి నుంచి మరొకరికి అంటుకునేది ఇందులో ఏదీ లేదు.

రంగు కణాలను చంపేది మన రోగనిరోధక వ్యవస్థే అనడానికి బలమైన సాక్ష్యం క్యాన్సర్ వార్డుల్లోనే దొరుకుతుంది. ఈ రంగు కణాల్లోనే పుట్టే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే మందులు ఇచ్చినప్పుడు కొందరు రోగుల చర్మం బొల్లి మాదిరిగానే తెల్లబడుతుంది, ఆ మార్పును వైద్యులు మందు పనిచేస్తోందనడానికి మంచి సూచనగా తీసుకుంటారు. మా వైద్యురాలు మచ్చలతో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు, ఎందుకంటే బొల్లి ఉన్నవారిలో రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ మీద కూడా తిరగబడడం ఇతరులలో కన్నా ఎక్కువ. అందానికి మాత్రమే సంబంధించిన విషయమైతే రక్తపరీక్షతో పనేమిటి?

ఆలస్యం వల్ల కలిగే నష్టం ఎంతటిదో మా అమ్మాయి చేతి మీదే చూశాను. వారానికి రెండుసార్లు అతినీలలోహిత కాంతి చికిత్స తీసుకున్న కొన్ని నెలలకు, తెల్లమచ్చ మధ్యలో ఒక్కో వెంట్రుక మొదలు చుట్టూ సూదిమొనంత గోధుమరంగు చుక్కలు తేలాయి. వెంట్రుక కుదుళ్లలో దాగి ఉన్న మూలకణాలు కొత్త రంగు కణాలుగా మారి పైకి వస్తున్నాయన్నమాట. మచ్చలోని వెంట్రుకలు కూడా నెరిస్తే ఆ నిల్వ చాలావరకు అడుగంటిందనే అర్థం. వెంట్రుకలు లేని వేలికొసల్లో, పెదవుల మీద రంగు తిరిగి రావడం అంత కష్టం కావడానికీ ఇదే కారణం. పైగా పాత దాడిని గుర్తుంచుకుని చర్మంలోనే తిష్ఠవేసిన జ్ఞాపక టి కణాల వల్ల, చికిత్స ఆపాక మచ్చ పాత చోటే మళ్లీ కనబడవచ్చు. ఇంత నిలకడగా సాగాల్సిన వైద్యాన్ని ఖర్చు కారణంగా మధ్యలో ఆపించడం అన్యాయం.

2022 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, శరీరానికి రెండు వైపులా వచ్చే రకం బొల్లికి, 12 ఏళ్లు నిండినవారి కోసం రుక్సోలిటినిబ్ పూతమందును ఆమోదించింది. అది చర్మానికి రంగు వేసే పూత కాదు. ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతం కణం లోపలికి చేరే దారిని అడ్డుకునే మందు.

చికిత్స వద్దనుకుని తమ చర్మంతో నిశ్చింతగా బతికేవారు ఉన్నారు, వారంటే నాకు ఎంతో గౌరవం. అయితే ఆ నిర్ణయం రోగిది కావాలి, దరఖాస్తు మీద ముద్ర వేసేవారిది కాకూడదు. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి ఉన్న ఈ వ్యాధిని బీమా సంస్థలు ఇతర స్వయంనిరోధక వ్యాధుల వరుసలో చేర్చాలి. పత్రికలు కూడా బొల్లి మీద వ్యాసాలను మచ్చలు కప్పిపుచ్చే చిట్కాలతో కలిపి అందం పేజీలో వేయకుండా, ఆరోగ్యం పేజీలో వేయాలని కోరుతున్నాను. మాకు వచ్చిన తిరస్కరణ మీద అప్పీలు చేశాం. వైద్యురాలి నివేదికకు ఆ గోధుమరంగు చుక్కల ఫొటోను కూడా జతపరిచాం.

— ఒక తల్లి