ఆ మూడు రోజుల సంగతి

నా చిట్టితల్లికి,

మొన్న పెదనాన్న వాళ్ళ గృహప్రవేశంలో అమ్మమ్మ మళ్ళీ ఆ కథ మొదలుపెట్టింది. నువ్వు కిలో చిల్లర బరువుతో పుట్టావనీ, దోసిట్లో పట్టేదానివనీ, నేను మాత్రం మొదటి రోజు నుంచీ కంటతడి పెట్టకుండా, ఆసుపత్రిలో నిన్ను వెచ్చగా ఉంచిన బాక్సు పక్కనే నిలబడ్డాననీ. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నువ్వు నా చెవి దగ్గరికొచ్చి "నీకు భయం వెయ్యలేదా అమ్మా?" అని అడిగావు. నేను "తిను, చల్లారిపోతుంది" అన్నాను.

అది జవాబు కాదు. ఎదురుగా కూర్చుని చెబితే మధ్యలో గొంతు పట్టేస్తుందని రాస్తున్నాను.

2014 శ్రావణమాసం. ఏడో నెలలో సీమంతం చెయ్యాలని అమ్మమ్మ అనకాపల్లి నుంచి చీరా, గాజులూ తెచ్చి పెట్టుకుంది. అప్పటికే నా కాళ్ళు వాచాయి. కడుపుతో ఉన్నప్పుడు మామూలే కదా అనుకున్నాను. తర్వాత రెండు రోజులు తల పగిలిపోయేంత నొప్పి, కళ్ళ ముందు మిణుగురుల్లా మెరుపులు. ఆ నొప్పిని ఓర్చుకున్నాను. ఓర్చుకోకూడదు, ఆ సంగతి నువ్వు పెద్దయ్యాక కూడా గుర్తుపెట్టుకో. ఆసుపత్రికి వెళ్ళేసరికి బీపీ 170/110 ఉంది, మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఇది ముదిరి ఫిట్స్ దాకా వస్తే వెనకటి రోజుల్లో గుర్రపువాతం అనేవారట. బిడ్డని బయటికి తీస్తే తప్ప తగ్గని జబ్బు అన్నారు డాక్టరమ్మ. అప్పటికి నీకు 29 వారాలు.

నీ ఊపిరితిత్తులు కాస్తయినా గట్టిపడాలని నాకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. ఆ రెండు రోజులూ గడియారం చూస్తూ పడుకున్నాను. నాలుగోది పడిన మర్నాడు ఆపరేషన్ చేశారు. నువ్వు ఏడ్చావో లేదో నాకు వినపడలేదు. నీ బరువు 1,120 గ్రాములు అని ఎవరో అన్నారు. నిన్ను నాకు చూపించకుండానే తీసుకెళ్ళిపోయారు. తప్పు వాళ్ళది కాదు, నీకు ఊపిరి అందడం లేదు.

మొదటి రెండు రోజులు నేను నిజంగానే లేవలేకపోయాను. ఫిట్స్ రాకుండా ఎక్కించే మందుకి ఒళ్ళంతా నిప్పులు పోసినట్టుండేది. మూడో రోజు పొద్దున బీపీ అదుపులోకి వచ్చింది. సిస్టరు చక్రాల కుర్చీ తెచ్చి "రండమ్మా, పాపని చూద్దురుగాని" అంది. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాను. సాయంత్రం కుట్లు నొప్పి అన్నాను. నాలుగో రోజు నిద్రపోతున్నట్టు నటించాను. ఐదో రోజు గోడవైపు తిరిగి పడుకున్నాను.

అదీ, చిట్టీ, నేను ఇన్నాళ్ళూ నీకు చెప్పని సంగతి. లేవగలిగి ఉండి మూడు రోజులు నీ దగ్గరికి రాలేదు.

ఎందుకంటే చూస్తే నువ్వు నా బిడ్డవైపోతావు. చూడకపోతే, రేపు ఏదైనా జరిగినా తట్టుకోగలనేమో అనుకున్నాను. నా ఒంట్లో ఇమడలేక నువ్వు ముందే రావలసి వచ్చిందనీ, నేను ముట్టుకుంటే ఇంకేదో అవుతుందనీ కూడా అనిపించేది. అదంతా నిజం కాదని ఇప్పుడు తెలుసు.

ఆ మూడు రోజులూ మీ నాన్న నా వంతు కూడా తనే నీ దగ్గర నిలబడ్డారు. ఒక్కమాట అనలేదు. వచ్చి నీ సంగతులు చెప్పేవారు, నేను అడక్కపోయినా. ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే పదార్థం నీ ఒంట్లో ఇంకా తయారవలేదనీ, దాన్నే మందుగా గొట్టం ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోశారనీ. ముక్కుకి సీపాప్ అనే, ఒత్తిడితో గాలి పంపే గొట్టం పెట్టారనీ, దాని రెండో కొస నీళ్ళ సీసాలో ఉంటుందనీ, గుడగుడమని బుడగలు వస్తున్నంతసేపూ లోపల సరిగ్గా గాలి అందుతున్నట్టేననీ. కామెర్లకి నీలం లైట్ల కింద పెట్టి కళ్ళకి గంతలు కట్టారనీ. నువ్వు బరువు తగ్గి 1,010కి వచ్చావనీ, మొదటి వారంలో అలా తగ్గడం మామూలేననీ.

నీ కోసం నేను చేసిందల్లా ఒక్కటే, పాలు పిండి ఇవ్వడం. మొదట చేత్తో పిండితే చెంచాడు కూడా రాలేదు. పసుపుపచ్చగా, చిక్కగా మూడు మిల్లీలీటర్లు. పారబోసేద్దామనుకున్నాను. సిస్టరు దాన్ని సిరంజిలోకి చుక్క పోకుండా ఎత్తుకుని, "ఇది పాపకి మందమ్మా, మూడుసార్లకి సరిపోతుంది" అంది. నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంలో రెండు గంటలకోసారి ఒక్కో మిల్లీలీటరు పోసేవారట నీకు.

ఆరో రోజు పొద్దున ఆ సిస్టరే వచ్చింది. యాభై దాటి ఉంటాయి ఆవిడకి. ఈసారి కుర్చీ తేలేదు. "రాత్రి మీ పాప మూడుసార్లు ఊపిరి తియ్యడం మర్చిపోయిందమ్మా. అరికాలు మీద తడితే మళ్ళీ తీసుకుంది. అందరం తడుతున్నాం, మీరూ ఒకసారి వచ్చి తట్టండి" అంది. అంతే. నేను లేచాను.

లోపలికి వెళ్ళాలంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఉంగరాలు, గాజులు తియ్యాలి. బాలింత చేతులు బోసిగా ఉండకూడదని అమ్మమ్మ గుమ్మం దగ్గరే అడ్డం పడింది. "ఒక్క మట్టిగాజైనా ఉంచండమ్మా" అని బతిమాలింది. గాజుల సందుల్లోనే క్రిములు దాక్కుంటాయని సిస్టరు నెమ్మదిగా చెప్పింది. అమ్మమ్మే ఒక్కొక్కటీ తీసి కొంగున ముడేసుకుంది. సీమంతానికని తెచ్చిన గాజులవి. వేడుక జరక్కపోయినా ఆసుపత్రిలోనే తొడిగింది నాకు.

నిన్ను చూశాను. ఎర్రగా, వెన్ను మీద నూగుతో, చర్మం కింద నరాలు కనిపిస్తూ. తొడ నా చూపుడువేలంత. కాలికి కట్టిన పట్టీ మీద నీకు పేరు లేదు, 'బేబీ ఆఫ్' అని నా పేరుంది. నిమరబోతే సిస్టరు నా చెయ్యి ఆపింది. నెలలు నిండని పిల్లలకి నిమిరితే హాయిగా ఉండదట, ఉలిక్కిపడతారట. "ఒక చెయ్యి తలమీద, ఒక చెయ్యి పాదాల కింద. కదపకుండా ఉంచండి, కడుపులో ఉన్నట్టుంటుంది" అంది. అలాగే ఉంచాను. కాసేపటికి నీ పాదం నా అరచేతిని తన్నింది. లోపల ఉన్నప్పుడు తన్నినట్టే. ఆ తన్ను నాకు తెలుసు. అప్పుడు ఏడ్చాను, అమ్మమ్మ కథలో లేని ఏడుపు.

అక్కడి నుంచి నలభై రోజుల పైమాటే. అన్నీ రాయను. ఊపిరి మర్చిపోకుండా నీకు రోజూ కెఫీన్ ఇచ్చేవారు, కాఫీలో ఉండేదే. ఒకరోజు పొట్ట ఉబ్బితే పాలు ఆపేశారు. మళ్ళీ ఒక మిల్లీలీటరు నుంచి మొదలు. రెండుసార్లు రక్తం ఎక్కించారు. నీ మణికట్టు మీద ఉన్న తెల్లచుక్కలు ఆ సూదులవే, దోమకాట్లు కావు. పుట్టిన బరువుకి మళ్ళీ రావడానికి పదమూడు రోజులు పట్టింది. ఆ రోజు మీ నాన్న వార్డులో అందరికీ పాలకోవా పంచారు. "ఏడో నెల పిల్లలు బతికి బట్టకడతారు, ఎనిమిదో నెలైతేనే కష్టం" అనేది అమ్మమ్మ. అది ఉత్తిదని డాక్టరమ్మ చెప్పారు, కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకి బలమేనట. అయినా ఆ మాట అమ్మమ్మ రోజూ చెబుతుంటే నాకు వినాలనిపించేది.

పదిహేనో రోజున సీపాప్ తీసేశారు, నిన్ను నా గుండె మీద పెట్టారు. కంగారూ పద్ధతి అంటారు. టోపీ, సాక్సు, డైపరు తప్ప నీ ఒంటి మీద ఏమీ లేదు. నా రొమ్ముల మధ్య నిటారుగా, కాళ్ళు కప్పలా మడిచి, తల ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి పైన నూలుగుడ్డ బిగించి కట్టారు. కాసేపటికి మానిటరు మీద అంకెలు ఎగుడుదిగుళ్ళు మానేసి నిలకడగా నిలిచాయి. దీని కథ డాక్టరమ్మ చెప్పారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టారట. ఆసుపత్రిలో బాక్సులు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి పిల్లలుంటే, అంటువ్యాధులతో చనిపోతుంటే, తల్లి ఒంటినే బాక్సు చేశారు. "దీనికి కరెంటు కూడా అక్కర్లేదు" అన్నారావిడ. ఆ మాట నాకు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలీదు.

నలభయ్యేడో రోజున, 1,740 గ్రాములతో, విశాఖ ఎంవీపీ కాలనీలో మన పాత ఇంటికి వచ్చావు. బారసాల లేదు, చుట్టాలు లేరు. సాంబ్రాణి పొగ వద్దన్నారు, కాటుక వద్దన్నారు, బరువు పెరిగేదాకా కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయవద్దన్నారు. ఇవన్నీ చెయ్యాలని ఎదురుచూసిన అమ్మమ్మకి చేతులు కట్టేసినట్టయింది. ఆవిడ పెట్టెలోంచి తీసింది ఒక్కటే పనికొచ్చింది, నాకు పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె. రొమ్ము పట్టి తాగీ తాగీ నువ్వు అలిసిపోతే, మిగతా పాలు పిండి దాంతో పట్టేదాన్ని. ఆసుపత్రిలో మానిటరు ఉండేది. ఇంట్లో లేదు. రాత్రి లైటు వేసుకుని నీ పొట్ట లేవడం, దిగడం చూస్తూ కూర్చునేదాన్ని.

అలా మూడు వారాలు గడిచాయి. అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది.

తుఫాను గురించి నువ్వు విన్నావు, కానీ ఆ ఇంట్లో నువ్వెక్కడ ఉన్నావో ఎవరూ చెప్పలేదు. పొద్దుటికే కరెంటు పోయింది. గాలి ఊళ వేస్తుంటే హాలు కిటికీ అద్దాలు పగిలి గదంతా చిందాయి. వాన అడ్డంగా లోపలికి కొట్టింది. నాన్న సోఫాని తలుపుకి అడ్డం జరిపి దానికి వీపు ఆనించి కూర్చున్నారు. నేనూ అమ్మమ్మా కిటికీలు లేని నడవాలో. పరుపు తడిసింది, నీ బట్టలు తడిశాయి. నీ బరువు అప్పటికి రెండు కిలోల మూడొందలు. అరికాళ్ళు తాకి చూస్తే చల్లగా ఉన్నాయి, పొట్ట మాత్రం వెచ్చగా ఉంది. బిడ్డకి చలి మొదలైందనడానికి అదే గుర్తని ఆసుపత్రిలో నేర్పారు.

నీ చొక్కా తీసేశాను. నా గుండె మీద పెట్టుకుని అమ్మమ్మ నూలుచీర చుట్టుకున్నాను.

మధ్యాహ్నం కాసేపు గాలి ఒక్కసారిగా ఆగింది. అయిపోయిందనుకున్నాం. తర్వాత రెండో వైపు నుంచి మళ్ళీ మొదలైంది. ఆ చీకట్లో నీ పొట్ట కనిపించదు, ఆ హోరులో నీ ఊపిరి వినిపించదు. నా చర్మానికి మాత్రం తెలుస్తోంది, ఒక్కొక్కటీ. ఆసుపత్రిలో గోడవైపు తిరిగి పడుకున్నప్పటి భయమే, అంతే భయం, చిట్టీ. కానీ అప్పుడు ఆ భయం నన్ను నీ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు నిన్ను కింద పెట్టనివ్వలేదు. చీకటిపడే వేళకి నీ అరికాళ్ళు వెచ్చబడ్డాయి.

మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్జు లేక పిండిన పాలు దాచే వీలు లేదు, ఏ పూటకి ఆ పూటే. నాన్న ఎక్కడెక్కడి నుంచో క్యాన్లతో నీళ్ళు మోసుకొచ్చేవారు. అమ్మమ్మ ఉగ్గుగిన్నెని ప్రతిసారీ మరిగించేది. నేను స్నానానికి వెళ్తే నువ్వు నాన్న గుండె మీద ఉండేదానివి. ఆ ఆరు రోజుల్లో నువ్వు నూట అరవై గ్రాములు పెరిగావు.

కంటిపరీక్షకి వారం ఆలస్యంగా వెళ్ళాం. నెలలు నిండని పిల్లలకి కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు దారితప్పి పెరగవచ్చు, వేళకి చూడకపోతే చూపే పోవచ్చు. అందుకే ఆ వారం రోజులూ నాకు నిద్రలేదు. హనుమంతవాక ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రికి ఆటోలో వెళ్తుంటే దారి పొడుగునా చెట్లు కూలి ఉన్నాయి, నిలబడ్డ చెట్లకి ఒక్క ఆకు లేదు. డాక్టరు చూసి, నాళాలు చివరిదాకా సరిగ్గా పెరిగాయి, ఇక భయం లేదన్నారు. అసలు లెక్క ప్రకారం నువ్వు పుట్టాల్సింది ఆ వారమే. రెండు రోజులకి దీపావళి. మా వీధిలో ఎవరూ టపాసులు కాల్చలేదు. అమ్మమ్మ గుమ్మంలో రెండు ప్రమిదలు పెట్టి, ఆసుపత్రిలో విప్పిన ఆ గాజులు కొంగులోంచి తీసి మళ్ళీ నా చేతులకి తొడిగింది.

ఇంకొక్క మాట. గోడవైపు తిరిగి పడుకున్న ఆ మూడు రోజులూ నా తల దగ్గర స్టూలు మీద కూర్చున్నది అమ్మమ్మే. సిస్టరు పిలిచినప్పుడల్లా "ఇప్పుడే నిద్రపట్టిందమ్మా" అని నా తరఫున అబద్ధం చెప్పింది కూడా ఆవిడే. ఆవిడకి అంతా తెలుసు. తెలిసే, పదకొండేళ్ళుగా ఎవరు అడిగినా నేను మొదటి రోజు నుంచీ నీ పక్కనే ఉన్నానని చెబుతోంది.

ఈసారి ఆవిడ ఆ కథ మొదలుపెడితే నువ్వు దిద్దకు. చెప్పనీ.

మీ అమ్మ