డార్వినా, మతమా?

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. సభలో వక్త "డార్విన్ లేకపోతే హిట్లర్ లేడు" అన్నాడని, ఇంటికొచ్చి ఆ మాట చెబితే మీ అబ్బాయి "యూదులను ద్వేషించడం నేర్పింది మతమే కదా" అని ఎదురు వాదించాడని రాశావు. ఎవరిది నిజమో చెప్పమన్నావు. ఇది నన్ను చాలా ఏళ్లుగా వదలని ప్రశ్న. తెలిసినంతా రాస్తాను, ఓపిక పట్టు.

ముందు తేదీలు చూడు. మనుషుల్లో ఎక్కువ జాతులు, తక్కువ జాతులు ఉంటాయని, ఆర్యులే అందరికన్నా పైవారని గోబినో అనే ఫ్రెంచి దొర లావుపాటి పుస్తకం రాసింది 1853, 1855 మధ్య. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. ఇంకా వెనక్కి వెళ్తే, 1449లో స్పెయిన్‌లోని టొలేడో పట్టణంలో ఒక శాసనం చేశారు. క్రైస్తవం పుచ్చుకున్న యూదులకూ, వాళ్ల సంతతికీ అక్కడ పదవులు దక్కకూడదన్నారు. బాప్తిస్మం తీసుకున్నా రక్తం మారదన్న ఆలోచన డార్విన్ పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందే చర్చి నీడలో ఉంది. 1543లో ప్రొటెస్టెంట్ శాఖకు ఆద్యుడైన మార్టిన్ లూథర్ యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టమని రాశాడు. 1946లో నాజీల నేరాల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణలో ష్ట్రైఖర్ అనే నాజీ, తనతో పాటు లూథర్ కూడా ఈ బోనులో నిలబడాల్సినవాడే అని వాదించుకున్నాడు.

అలాగని శాస్త్రాన్ని వెనకేసుకు రాలేను. డార్విన్ బానిసత్వాన్ని మనసారా అసహ్యించుకున్నాడు, మనుషులందరి మూలం ఒకటేనని వాదించాడు. అదే మనిషి 1871 పుస్తకంలో, నాగరిక జాతులు అనాగరిక జాతులను కొన్ని శతాబ్దాల్లో దాదాపు తప్పకుండా తుడిచిపెడతాయని, వాన రాకడ చెప్పినంత నిబ్బరంగా రాశాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. జర్మనీలో హెకెల్ అనే జీవశాస్త్రవేత్త మనుషులను మెట్ల వరుసలో నిలబెట్టాడు. బలహీన శిశువులను చంపిన స్పార్టాను మెచ్చుకున్నాడు. ప్లోట్స్ అనే వైద్యుడు 1895లో 'జాతి పరిశుభ్రత' అన్న పేరు పెట్టి దాన్నొక శాస్త్రంగా నిలబెట్టాడు. ఒక విషయం మాత్రం మీ వక్తకు చెప్పు: 1935లో నాజీలు గ్రంథాలయాలకు ఇచ్చిన ఆదేశాల్లో తీసేయాల్సిన పుస్తకాల జాబితాలో 'ఆదిమ డార్వినిజం' కూడా ఉంది. కోతి నుంచి వచ్చామన్న మాట వాళ్లకు నచ్చలేదు. మనుషుల్లో పోటీ, ఎంపిక, చావు అన్న భాగం మాత్రం బాగా నచ్చింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆఫ్రికా కథ. 1904లో నేటి నమీబియాలో హెరెరో ప్రజలు జర్మన్ పాలన మీద తిరగబడ్డారు. సైన్యం వాళ్లను ఎడారిలోకి తరిమింది, మిగిలినవాళ్లను శిబిరాల్లో పడేసింది. షార్క్ ఐలండ్ లాంటి చోట్ల చనిపోయినవారి తలలను ఉడకబెట్టి, ఆ పుర్రెల మీది కండను గాజుపెంకులతో గీకి శుభ్రం చేసే పనిని ఖైదీలుగా ఉన్న ఆడవాళ్ల చేతే చేయించారు. అవి తమవాళ్ల తలలే. వాటిని పెట్టెల్లో పెట్టి, జాతుల పరిశోధన కోసం బెర్లిన్‌కు పంపారు. 2011లో వాటిలో ఇరవై పుర్రెలు తిరిగి నమీబియా చేరాయి. ఈ ఊచకోత ముగిసీ ముగియగానే, 1908లో, యూజెన్ ఫిషర్ అనే ఆచార్యుడు అదే దేశానికి వెళ్లి మిశ్రమ సంతానాన్ని కొలతలు కొలిచాడు. 1927లో బెర్లిన్‌లో మానవశాస్త్రానికి, యూజెనిక్స్‌కు (మేలైన సంతానాన్నే పెంచాలనే వాదానికి) పెట్టిన పెద్ద పరిశోధనాలయానికి ఆయనే అధిపతి.

ఆయన దగ్గర చదువుకోవడానికి మన దేశం నుంచి ఒక అమ్మాయి వెళ్లింది, తెలుసా? ఆమే మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే. ఐరోపావాళ్ల పుర్రెల నిర్మాణమే వాళ్ల తెలివికి సాక్ష్యమన్నది ఫిషర్ ఊహ. దాన్ని పరీక్షించడానికి ఆమె పుర్రెలు ముందు పెట్టుకుని కొలిచింది. ఫిషర్ ఆశించిన జాతి తేడా కనిపించలేదు. కనిపించలేదనే రాసింది, గురువు అధికారానికి జంకలేదు. ఆ కొలత పరికరాలు మన ఊళ్లకూ వచ్చాయి సుమా. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దక్షిణాది కులాలవాళ్లను, వాళ్లలో తెలుగువాళ్లను కూడా, నిలబెట్టి ముక్కుల వెడల్పు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. కులం హోదా పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని రిస్లీ అనే మరో అధికారి సూత్రమే కట్టాడు. ఆయన ఈ దేశపు జనాభా లెక్కల కమిషనర్!

ఇప్పుడు నీ ప్రశ్నకు నా జవాబు వస్తోంది. ఇన్ని పుర్రెలు, ఇన్ని ముక్కులు కొలిచాక 1935లో నాజీలు యూదుడెవరో చట్టంలో రాయాల్సి వచ్చింది. ఏం రాశారు? తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ నలుగురిలో కనీసం ముగ్గురు యూదు మత సంఘానికి చెందినవాళ్లయితే ఆ మనిషి యూదుడు. రక్తం గురించి అంత గొంతు చించుకున్నవాళ్లకు రక్తంలో ఏమీ దొరకలేదు. మతం పట్టీలు తిరగేయాల్సి వచ్చింది. ఆ పట్టీలు ఎక్కడున్నాయి? చర్చిల్లో. ఉద్యోగం కావాలన్నా, నిలుపుకోవాలన్నా తాతముత్తాతల బాప్తిస్మపు నకళ్లు తెచ్చుకోవాలి. పాస్టర్లు కూర్చుని రాసిచ్చారు. బెర్లిన్‌లో కార్ల్ థెమెల్ అనే పాస్టర్ 1936 నుంచి పాత రిజిస్టర్లను కార్డుల్లోకి ఎక్కించే కార్యాలయమే నడిపాడు. బాప్తిస్మం పొందిన యూదుల పేర్లు అందులోంచి ఏరి బయటకు పంపారు. అందుకే 'డార్వినా, మతమా' అన్న తగువు నాకు రుచించదు. శాస్త్రం గౌరవాన్ని అరువిచ్చింది, చర్చి చిట్టాలు అరువిచ్చింది. ఇద్దరూ తెలిసే ఇచ్చారు.

1933 జులైలో నాజీలు చేసిన చట్టంతో, వంశపారంపర్య జబ్బులున్నాయని చెప్పి దాదాపు నాలుగు లక్షల మందికి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేశారు. పోప్ 1930లోనే ఇలాంటివాటిని ఖండించాడు. ప్రొటెస్టెంట్ సేవాసంస్థల్లో చాలామంది ఒప్పుకున్నారు. 1939 తర్వాత ఆసుపత్రుల్లోని వికలాంగులను, మానసిక రోగులను గ్యాస్‌తో చంపడం మొదలైంది. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ గేలెన్ చర్చిలో నిలబడి గొంతెత్తాడు. ముసలి గుర్రాన్నో, పాలివ్వని ఆవునో వదిలించుకున్నట్టు మనిషిని వదిలించుకుంటారా అని అడిగాడు. ఆ నెలలోనే హిట్లర్ ఆ కార్యక్రమాన్ని పైకి ఆపించాడు. అప్పటికే డెబ్బై వేల మంది పోయారు. ఆసుపత్రుల్లో ఆకలితో, మందులతో చంపడం ఆ తర్వాతా సాగింది. యూదుల కోసం మాత్రం గేలెన్ అలా గొంతెత్తలేదు. ఆయన్ని గౌరవిస్తాను, ఈ మౌనాన్ని క్షమించలేను.

ఆ ప్రసంగం ప్రతులను రహస్యంగా పంచిన ముగ్గురు కేథలిక్ ఫాదర్లను, ఒక లూథరన్ పాస్టర్‌ను ల్యూబెక్ అనే జర్మన్ పట్టణంలో పట్టుకున్నారు. 1943 నవంబర్ 10న నలుగురి తలలూ నరికారు. ఆ పాస్టర్ పేరు ష్టెల్‌బ్రింక్. ఒకప్పుడు ఆయన స్వయంగా నాజీ పార్టీ సభ్యుడు, క్రైస్తవాన్ని 'జర్మన్' మతంగా మార్చాలని ఉబలాటపడిన వర్గంవాడు. ఆయన గురించి నీకు ఏమైనా దొరికితే పంపించు, నేను ఇంకా చదవాలి.

నీ మిత్రుడు